సహసారథ్యం

దౌల్తాబాద్ సిద్దిపేట జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఈ ఊరు మెదక్ జిల్లాలో ఉండేది. హైదరాబాదు నుండి రాజీవ్ రహదారిపై ప్రజ్ఞాపూర్ వరకు వచ్చి, అక్కడ దారి మళ్ళి గజ్వేల్ దాటితే వాహనాల రద్దీ క్రమంగా తగ్గిపోతుంది. ఇరుపక్కల వరిమళ్ళు, పత్తిచేలు, చెరువుకట్టలు, తాటిచెట్లు కనువిందు చేస్తాయి. ముందుకు సాగితే చేనేతకు పేరుగన్న దుబ్బాక వస్తుంది. తొగుట వైపు 2022లో ప్రారంభమైన మల్లన్నసాగర్ జలాశయం, పడమటి దిక్కున 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ఉన్నాయి. నగరవాసి తెల్లవారుజామున బయలుదేరి, ఇవన్నీ చూసి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. మోటారు సైకిలు యాత్రకు ఇంతకంటే అనువైన దారి ఏముంటుంది?

మోటారు సైకిలు మన పల్లెలకు కొత్త వస్తువు కాదు. పాలక్యాను మోసినా, ఎరువుబస్తా మోసినా, పిల్లలను బడికి చేర్చినా అదే బండి. ఇంగ్లండులో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1932లో ‘బుల్లెట్’ను ప్రవేశపెట్టింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన తరువాత ఆ బండి మన దేశపు బండి అయింది. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లు కూడా ఒక తరం యువకుల మనసు దోచుకున్నాయి. నాడు పెద్ద ఉద్యోగి హోదాకు గుర్తుగా నిలిచిన ఇటువంటి బండ్లు నేడు సుదూర యాత్రలకు సాధనాలయ్యాయి. గంటల తరబడి కూర్చున్నా నడుము నొప్పి పుట్టని ఆసనం, ఎక్కువ ఇంధనం పట్టే ట్యాంకు, సామాను కట్టుకొనే వీలు, ఒకే వేగంతో అలసట లేకుండా సాగే ఇంజను యాత్రకు ఉపయోగించే బండి లక్షణాలు. అయితే ఎంత మంచి బండి అయినా యజమాని శ్రద్ధ లేనిదే దూరం పోలేదు.

వాహనాన్ని నడపడం వేరు, దానికి సారథ్యం వహించడం వేరు. మహాభారతంలోని ద్రోణపర్వం ఈ భేదాన్ని చక్కగా తెలుపుతుంది. సైంధవుని వధించడానికి అర్జునుడు శత్రువ్యూహాలను ఛేదిస్తూ సాగుతున్న సమయంలో రథాశ్వాలు గాయపడి డస్సిపోతాయి. సూర్యాస్తమయంలోగా ప్రతిజ్ఞ నెరవేరాలి. క్షణమొక యుగంగా గడుస్తున్న ఆ వేళ కూడా శ్రీకృష్ణుడు గుర్రాలను అదలించి ముందుకు తోలలేదు. యుద్ధభూమి నడుమ రథం ఆపి, గుర్రాలను విప్పి, వాటి దేహాలలో నాటుకొన్న బాణాలు తీసి, నీరు పట్టించి సేద తీర్చాడు. అంతసేపూ అర్జునుడు నేలపై నిలిచి శత్రువులను నిలువరించాడు. ఒకరు వాహనాన్ని చూసుకొంటే మరొకరు కావలి కాశారు. తొందర ఎంత ఉన్నా వాహనం అలసటను గుర్తించడం, ఆ పనిలో తోటివాడికి అండగా నిలవడం సారథ్య ధర్మమని ఈ ఘట్టం బోధిస్తుంది. నేటి మోటారు సైకిలు యాత్రికులకూ ఈ ధర్మమే శిరోధార్యం.

గుర్రం తన బాధను చూపుతో, నడకతో చెప్పుకొంటుంది. యంత్రం కూడా చెబుతుంది; వినే చెవి ఉండాలి. వెనుక చక్రం వద్ద టకటకమనే శబ్దం వస్తే గొలుసు వదులైందని అనుమానించాలి. గొలుసు మరీ బిగుతుగా ఉంటే త్వరగా అరుగుతుంది; మరీ వదులైతే పళ్ళచక్రం నుండి జారి వెనుక చక్రాన్ని పట్టివేయవచ్చు. అందువల్ల తయారీదారు పుస్తకంలో చెప్పిన మేరకే వదులు ఉంచాలి. దూరప్రయాణాలు చేసేవారు సాధారణంగా 500 కిలోమీటర్లకొకసారి గొలుసును శుభ్రపరచి తగిన నూనె వేస్తారు. ఈ పని ఇంజను ఆపిన తరువాతనే చేయాలి. తిరుగుతున్న గొలుసును గుడ్డతో తుడవబోయి వేళ్ళు పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

టైర్లలో గాలిని ప్రయాణానికి ముందు, అవి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కొంత దూరం నడిచాక టైరు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అప్పుడు చూసిన కొలత నిజం చెప్పదు. వెనుక మరొక మనిషి, సామాను ఉన్నప్పుడు గాలి ఎంత పెంచాలో కూడా పుస్తకంలో ఉంటుంది. తీగల చక్రమైతే ఒక్కొక్క తీగను పానాతో మెల్లగా తట్టి చూస్తారు. బిగువుగా ఉన్న తీగ ఖంగున మోగుతుంది. వదులైన తీగ మొద్దుగా పలుకుతుంది. వైణికుడు తంత్రులను సరిచూసుకొనే తీరును ఇది గుర్తుకు తెస్తుంది.

బ్రేకులలో వాడే ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉంది. తేమ చేరిన ద్రవం, ఎడతెగక బ్రేకు వేసే ఘాటు దారులలో వేడికి మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు బ్రేకు పట్టదు. అందుకే బ్రేకు బిళ్ళలు అరగకపోయినా, సాధారణంగా రెండేళ్ళకొకసారి ఆ ద్రవాన్ని మారుస్తారు. వేసవిలో మన దారుల దుమ్ము గాలి వడపోతను మూసివేస్తుంది. వానాకాలంలో పొలాల నుండి ట్రాక్టర్లు తెచ్చిన బురద ఇంజను రెక్కలకు అంటుకొని ఎండిపోతుంది. గాలికి చల్లబడే ఇంజనుకు ఆ రెక్కలే ఊపిరి. వాటిపై మట్టి పేరుకుంటే వేడి బయటికి పోదు. ఆ మట్టిని ఇంజను చల్లారిన తరువాత కడగాలి. వీటికి తోడు ఇంజను నూనె మట్టం, దీపాలు, క్లచ్చి తీగ సరిచూసుకొంటే పావుగంట పడుతుంది. ఆ పావుగంటను బద్ధకించినవారు నడిరోడ్డుపై గంటలు పోగొట్టుకొంటారు.

ఒంటరి ప్రయాణికుని అజాగ్రత్త ప్రధానంగా అతనికే కష్టం తెస్తుంది. బృందంలో అలా కాదు. ఉదాహరణకు పది బండ్లతో హైదరాబాదు నుండి దౌల్తాబాద్ వైపు బయలుదేరే బృందాన్ని ఊహించవచ్చు. అందులో ఒక్కరి గొలుసు తెగితే పదిమందీ ఆగాలి. ఒక్కరి వెనుక దీపం వెలగకపోతే ఆ వెనుక వచ్చేవారి ప్రాణానికే ముప్పు. కాబట్టి స్నేహబృందాలలో బయలుదేరే ముందు ఒకరి బండిని మరొకరు పరిశీలించే అలవాటు ఎంతో మేలు చేస్తుంది. తన బండి లోపం తన కంటికి ఆనకపోవచ్చు. మిత్రుని కంటికి కనిపిస్తుంది. దానిని తప్పుపట్టడంగా కాక, ఆత్మీయతగా స్వీకరించేవారే ఇటువంటి బృందాలలో ఇమడగలుగుతారు.

బృందయాత్రకు కొన్ని నియమాలున్నాయి. దారి బాగా తెలిసినవారు ముందు నడుస్తారు. అనుభవం, ఓర్పు గలవారు అందరికంటే వెనుక ఉంటారు. పనిముట్లు, ప్రథమ చికిత్స పెట్టె వారి వద్దే ఉంటాయి. కొత్తవారిని ముందు నడిచేవారి వెనుకనే ఉంచుతారు. వెడల్పైన రహదారిపై ఒకరు కుడివైపు, తరువాతి వారు ఎడమవైపు ఉండేటట్లు ఎడం పాటిస్తారు. మలుపులలో, పల్లెల ఇరుకు దారులలో ఒకే వరుసగా సాగుతారు. ఒకే వరుసలో ముందున్న బండి ఒక స్తంభాన్ని దాటిన తరువాత కనీసం రెండు సెకన్లకు వెనుకటి బండి ఆ స్తంభాన్ని చేరాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండు సెకన్లు అంటే సుమారు 33 మీటర్ల దూరం. గుంత, పశువు, ఇసుక కనిపిస్తే చేతి సైగలతో వెనుకవారికి తెలుపుతారు. అన్నింటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. వెనుకవారు అద్దంలో కనిపించకపోతే ముందువారు వేగం తగ్గించాలి. అప్పటికీ కనిపించకపోతే సురక్షితమైన చోట ఆగాలి. బృందం వేగాన్ని నిర్ణయించేది అందరికంటే మెల్లగా వచ్చే వ్యక్తి. ఇది పందెం కాదు గనుక అతడు వెనుకబడినట్లు కాదు. మిగిలినవారు అతనితో ఉన్నట్లు.

ఈ సాంగత్యంలో విద్య కూడా ఒకరి నుండి ఒకరికి చేరుతుంది. చక్రం విప్పి పంచరు వేయడం, ప్లగ్గు శుభ్రం చేయడం, తెగిన క్లచ్చి తీగ మార్చడం వంటి పనులు తెలిసినవారు చేస్తుంటే తెలియనివారు చూసి నేర్చుకొంటారు. అమెరికా రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో వెలువరించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్’ గ్రంథంలో మిత్రులతో కలసి చేసిన యాత్ర ఉంది. కథకుడు తన పాత బండిని తానే బాగుచేసుకొంటాడు. అతని మిత్రుడు ఖరీదైన బండి కొని, మరమ్మతు ఊసెత్తితేనే విసుగుచెందుతాడు. చేతికి మసి అంటడాన్ని చిన్నతనంగా భావించేవారు ప్రపంచమంతటా ఉన్నారని, ఆ భావన వీడినప్పుడే మనిషికి యంత్రంతో సఖ్యం కుదురుతుందని ఈ సంఘటన తెలియజేస్తుంది.

మోటారు సైకిలు యాత్ర పురుషులకే పరిమితమన్న అభిప్రాయాన్ని హైదరాబాదు మహిళలు తొలగించారు. 2018 ఫిబ్రవరిలో జై భారతి నాయకత్వాన శాంతి, శిల్పా బాలకృష్ణన్, పియా బహదూర్ అనే నలుగురు హైదరాబాదు నుండి బయలుదేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలలో పర్యటించారు. వారి యాత్ర సుమారు 17,000 కిలోమీటర్లు సాగింది. భాష తెలియని దేశాలలో, వేర్వేరు స్వభావాలు గల నలుగురు అన్ని వారాలపాటు కలసి సాగడానికి బండ్ల పటుత్వం ఎంత అవసరమో, పరస్పర సహనం అంత అవసరం. ఆ అనుభవాలను పియా బహదూర్ పుస్తకంగా రచించారు. జై భారతి అటుపై ‘మోవో’ అనే సంస్థను నెలకొల్పి మహిళలకు వాహనచోదనంలో శిక్షణ ఇప్పిస్తున్నారు. ఒక యాత్రలో సంపాదించిన ధైర్యం ఆ విధంగా ఎందరికో జీవనోపాధిగా మారే అవకాశం కలిగింది.

ఇంత ఆనందం గల ఈ ప్రయాణంలో పొంచి ఉన్న ప్రమాదాన్ని విస్మరించరాదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. శిరస్త్రాణం ధరించని కారణంగా ఆరిపోయిన దీపాలు ఆ సంఖ్యలో వేలకు వేలు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల శిరస్త్రాణాన్ని నడిపేవారే కాక వెనుక కూర్చున్నవారూ ధరించి, పట్టీ బిగించుకోవాలి. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండి, లైసెన్సు పొంది ఉండాలి. మైనరు బండి నడిపితే తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష విధించే వీలును 2019 చట్ట సవరణ కల్పించింది. కళాశాలలో చేరిన కొడుకు ముచ్చట తీర్చబోయి తండ్రి న్యాయస్థానం మెట్లెక్కే పరిస్థితి రాకూడదు.

పల్లెదారులకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కోతల కాలంలో కల్లాలు చాలని రైతులు వడ్లను, మొక్కజొన్నలను తారురోడ్డుపై ఆరబోస్తారు. అవి చెదిరిపోకుండా అంచున రాళ్ళు పెడతారు. చీకటిలో ఆ రాళ్ళు, జారే గింజలు బండిని పడవేయగలవు. రైతును నిందించి ప్రయోజనం లేదు. అది అతని ఆరునెలల కష్టం. పొద్దుండగానే ప్రయాణం ముగించుకోవడం, ఊళ్ళు వచ్చినప్పుడు వేగం తగ్గించడం, చెవులు చిల్లులు పడే శబ్దాలు చేయకపోవడం యాత్రికుల బాధ్యత. దారిలో ఎవరైనా గాయపడి కనిపిస్తే ఆగి ఆసుపత్రికి చేర్చాలి. అలా సాయపడినవారికి వేధింపులు ఉండకుండా 2019 సవరణ చట్టరక్షణ కల్పించింది. బృందంగా సాగేవారు తమవారి కోసమే కాక, దారిలో పడినవారందరి కోసం ఆగగలిగితే ఆ స్నేహానికి సార్థకత ఉంటుంది.

దౌలత్ అంటే సంపద, ఆబాద్ అంటే జనవాసం. ఆ పేరుగల ఊరి కూడలిలో సాయంత్రంవేళ టీ కొట్టు ముందు వరుసగా ఆగిన పది బండ్లను తలచుకోవచ్చు. ఇంజన్ల వేడి మెల్లగా చల్లారుతూ ఉంటుంది. ఒకరు వంగి మిత్రుని బండి గొలుసు చూస్తూ ఉంటారు. మరొకరు బయలుదేరబోయే ముందు తలలు లెక్కపెడతారు. ఉదయం బయలుదేరిన పదిమందీ ఉన్నారు. ఇక ఇంటిదారి పట్టవచ్చు. యాత్రలో చూసిన చెరువులు, కోటలు, గోపురాలు జ్ఞాపకాలుగా మిగులుతాయి. ఆ లెక్క తప్పకుండా అందరూ ఇల్లు చేరడమే యాత్రికులు కూడబెట్టుకొనే అసలైన సంపద.