ఏకచక్రపురంలో కుంతీదేవి విన్న రోదనం

మన బోధనే మహాభారతంలోని ఏకచక్రపురమనీ, భీమసేనుడు బకాసురుని సంహరించిన స్థలమిదేననీ ఈ ప్రాంతీయుల విశ్వాసం. ఏండ్ల తరబడి ప్రవచనాలలో నేను బండెడన్నాన్నీ, భీముని బాహుబలాన్నీ వర్ణిస్తూ వచ్చాను. దానికి ముందున్న ఘట్టం విలువ మాత్రం డెబ్బది దాటిన పిదపగాని నాకు బోధపడలేదు.

2025 ఆగస్టు చివర అతివృష్టికి మంజీర పొంగి ఒడ్డు పొలాలు మునిగాయి. వరద తీసిన పిదప బియ్యం, దుప్పట్లు పంచే దాతల వెంట నేనూ ఒక గ్రామానికి వెళ్ళాను. ఒక వృద్ధ రైతు అరుగుమీద మౌనంగా కూర్చున్నాడు. బియ్యం సంచి అందిస్తే చేయి చాపలేదు. నేను అలవాటుకొద్దీ, "సుఖదుఃఖాలు కర్మాధీనాలు నాయనా, ధైర్యం వహించు" అన్నాను. ఆయన తలెత్తి, "అయ్యగారూ, గదంత నాకెరికే. నా ఎడ్లు ఎట్ల వోయినయో ఒక్కలన్న అడిగిన్రా?" అన్నాడు. నాకు మాట రాలేదు. పక్కన కూర్చున్నాను. ఆయన చాలాసేపు చెప్పాడు, నేను విన్నాను.

ఆ రాత్రి ఆదిపర్వం తెరిచాను. కుంతీదేవి ఏ పదవిలోనూ లేదు. లక్కయింటి మంటలనుండి బయటపడి, కొడుకులు తెచ్చే భిక్షాన్నంతో దినాలు గడుపుతున్న తల్లి. ఆశ్రయమిచ్చిన విప్రుని ఇంటిలో ఏడుపు వినిపించగానే లోనికి వెళ్ళింది. తండ్రి, తల్లి, కూతురు 'నేను పోతాను, నేను పోతాను' అని విలపిస్తుంటే నడుమ మాట కలపలేదు. పసివాడు గడ్డిపరక ఎత్తి, దీనితో రాక్షసుని చంపుతానన్నాడు. ఆ దుఃఖంలోనూ వారికి సంతోషం కలిగింది. ఇదే అదనని గ్రహించి, అప్పుడు మాత్రమే దుఃఖకారణం అడిగింది. ఆపై కన్నకొడుకునే పంపడానికి సిద్ధపడింది. వినడం, సమయం తెలియడం, అడగడం, భారం పంచుకోవడం: నాయకత్వమంటే ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శిక కూడా విపత్తులో మనస్సుకు ప్రథమచికిత్సగా మూడు పనులు చెబుతున్నది: చూడటం, వినడం, తగిన సహాయంతో కలపడం. బాధితులను చెప్పుమని బలవంతపెట్టరాదు. నెరవేర్చలేని మాట ఇవ్వరాదు. తొలిదినాలలో నిద్రలేమి, ఉలికిపాటు, మౌనం సహజాలు. అయినవారి ఆదరణతో పలువురు క్రమంగా కోలుకుంటారు. అవి వారాలు గడిచినా తగ్గకున్నా, బ్రతుకుమీద విరక్తిమాటలు వినిపించినా ఉపదేశం చాలదు, వైద్యుడు కావాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ 14416 సంఖ్యకు రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

విపత్తు నీటి రూపంలోనే రాదు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం మూతపడినప్పుడు ఏ గోడా కూలలేదు. కార్మికుల ఇండ్లలో, చెరకు రైతుల ఇండ్లలో దిగులు మాత్రం వరదలాగే నిండింది. అటువంటి ఇండ్లకు బియ్యం పంపాలని కూడా ఎవరికీ తోచదు.

ఆదుకొనేవారికీ ఆదరణ అవసరమే. యుద్ధానంతరం ధర్మరాజు రాజ్యం వద్దని అడవికి పోతానన్నాడు. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, శ్రీకృష్ణుడు చుట్టూ చేరి ఆయనను నిలబెట్టారు. గ్రామపెద్దలూ, సేవకులూ తమ అలసటను చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

దాతలకు నా విన్నపం ఒక్కటే. సంచి అందించిన చోట ఒక గడియ కూర్చోండి. నెల తరువాత మరల వెళ్ళండి. నేనూ మొన్న వెళ్ళాను. ఆ రైతు నన్ను చూసి అరుగుమీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.