పెరటి రాతిగోడయు దానిని కాపాడు మొక్కలును

మా పలమనేరు సముద్రమట్టమునకు సుమారు 2,200 అడుగుల ఎత్తున నున్న చల్లని యూరు. పెరడు వాలుగా నున్నచో మట్టి జాఱకుండ రాతిగోడ కట్టక తప్పదు. గోడ కట్టుట మేస్త్రీ పని. దానిని నిలుపుకొనుట మొక్కలు నాటు మన పని. నష్టపడిన పిదప గాని నాకీ సంగతి తెలియలేదు.

మా గోడ సందున పక్షి రెట్టవలన నొక రావిమొక్క మొలచినది. దేవతావృక్షమని పెఱికివేయుటకు చేయి రాలేదు. నాలుగేండ్లలో దాని వేరు రాళ్లను విడదీసినది. చాలదన్నట్లు గోడవెనుక అరటి నాటి, అంట్లు తోమిన నీరంతయు నచ్చటికే మళ్లించితిని. 2021 నవంబరులో చిత్తూరు జిల్లాలో కుంభవృష్టి కురిసిన రాత్రి గోడ కూలినది. పగటివేళ మా మనుమరాలు ఆడుకొను చోటనే రాళ్లు పడినవి!

గోడను త్రోయునది మట్టి బరువొక్కటియే కాదు. అందు నిలిచిన నీరు. కావున క్రొత్త గోడ అడుగున తూములు విడిచి, వెనుక గులకరాళ్లు పోయించితిమి.

ఇక మొక్కల మాట. గోడ పైయంచునకు రెండుమూడడుగుల వెనుక, ఎండ తగులుచోట, వట్టివేరు పిలకలను నాలుగైదంగుళముల కొక్కటిగా వరుసన నాటుడు. తొలకరిలో నాటినచో కార్తీకపు వానలకు నాటుకొనియుండును. దాని వేళ్లు ప్రక్కలకు ప్రాకక నిలువుగా దిగి మట్టిని పట్టియుంచును. పదియడుగుల లోతునకు దిగుటయు కలదు. మైసూరు ప్రాంతపు రైతులు తరతరములుగా దీనిని పొలపు గట్లపై పెంచిరి. 1980 తరువాత ప్రపంచబ్యాంకువారును నేలకోతకు దీనినే మందుగా చెప్పిరి. కుండనీటి పరిమళమునకై ఈ వరుసను త్రవ్వరాదు. అందులకు వేఱొకచోట నాలుగు దుబ్బులు పెంచుకొనుడు.

వట్టివేరునకును గోడకును నడుమ మరువము, ధవనము చాలును. అంచున సన్నజాజి నాటి తీగను క్రిందికి వ్రేలవిడువుడు. గోడపాదమున తూములకు అడ్డు రాకుండ కనకాంబరము వేయుడు. గన్నేరు సర్వాంగముల విషము. పసిపిల్లలున్న యింట వలదు. మామిడి, పనస వంటివి పెరిగి యెంత యెత్తగునో గోడకంత దూరముననే యుండవలయును.

రావి, మఱ్ఱి, మేడి మొలకలు సందులలో కనబడిన నాడే వేళ్లతో తీసి, కట్టడములకు దూరముగా బయలున నాటుడు. పుణ్యమును దక్కును, గోడయు నిలుచును.