చిన్న ఫ్యాను కారుకు బలమిస్తుందా?

డోన్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారిపై మండుటెండలో, ఏసీ వేసుకుని లారీని దాటబోతే చిన్న కారుకు ఊపు చాలదు. 25 డిగ్రీల గాలి కన్నా 42 డిగ్రీల గాలి 5 శాతం పైగా పలచన. ఇంజిన్‌కు ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. ఆ లోటు తీరుస్తామంటూ ఎయిర్ ఫిల్టర్ పైపులో బిగించే చిన్న ఫ్యాన్లను ‘ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ల’ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అవి డబ్బు దండగేనని లెక్కే తేలుస్తుంది.

1.2 లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 60 లీటర్ల గాలి లాగుతుంది. దానికి మూడో వంతు అదనపు ఒత్తిడి ఇవ్వాలంటే కంప్రెసర్‌కు 3 కిలోవాట్లకు పైగా కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అది 250 ఆంపియర్ల పైమాటే! ఈ ఫ్యాన్లకు ఉండేది హారన్ వైరంత సన్నటి తీగ. దానిలోంచి అంత కరెంటు పారితే ఇన్సులేషన్ కరిగిపోతుంది. పైగా ఇంజిన్ జోరందుకున్నాక ఆ రెక్కలే గాలికి అడ్డు.

మరి ఆడి కంపెనీ ఎలక్ట్రిక్ కంప్రెసర్ పెట్టలేదా అంటారు. పెట్టింది, 2016లో ఎస్‌క్యూ7 డీజిల్ కారులో. కానీ అది 48 వోల్టుల వ్యవస్థపై 7 కిలోవాట్లు తీసుకుని 70,000 ఆర్‌పీఎంతో తిరిగే కంప్రెసర్. అదీ టర్బోలు అందుకునేదాకా కొద్ది క్షణాల సాయానికే. ఈ ఫ్యాన్లు బిగించాక పికప్ పెరిగిందనేవారూ ఉన్నారు. ఫ్యాను చప్పుడు, కొత్త ఫిల్టర్ కలిసి అలా అనిపించవచ్చు. కారు శక్తిని కొలిచే డైనో యంత్రం మీద ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి, తీసేసి ఒకసారి కొలిస్తే నిజం బయటపడుతుంది. అలా కొలిచిన కాగితం చూపమని అమ్మేవాళ్లను అడగండి.