వార్తల్లో పదం: బేస్ ఫ్లో

వానలు ఆగి నెలలు గడిచినా ఏట్లో నీరు పారుతోందంటే అది నేల ఇచ్చిన నీరే. వానాకాలంలో ఇంకిన నీళ్లు ఒడ్ల కింద నుంచి, ఏటి అడుగు నుంచి మెల్లగా ఊరి ప్రవాహంలో కలుస్తాయి. అదే బేస్ ఫ్లో.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు కాసాయి నది తెలియనిది కాదు. మేదినీపూర్ రైలు దాటేది ఆ నదినే. అసలు పేరు కంసావతి. పురూలియా ఎత్తు నేలల్లో పుట్టిన ఈ నదికి మంచుకొండల అండ లేదు, వానే దిక్కు. అక్కడి ఎర్ర కంకర నేలల మీద వాన ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. దిగువన ముకుట్‌మణిపూర్ డ్యామ్ నీళ్లు సాగు కాలువలకు మళ్లుతాయి. ఎండాకాలంలో వంతెన మీంచి చూస్తే వెడల్పాటి ఇసుక మేట, నడుమ సన్నటి పాయ. ఆ ఇసుక పొరల్లోనే నీరు దాగి ఉంటుంది. లారీలకొద్దీ తవ్వేస్తే నది అడుగు దిగిపోతుంది, దాంతోపాటు పక్క ఊళ్ల బావుల మట్టమూ.

ఊటను నిలబెట్టే పని ఎగువన మొదలవ్వాలి: మెట్టల్లో కందకాలు, ఊటకుంటలు, చెట్లు. పశ్చిమ జిల్లాల్లో ఉపాధి హామీ కింద బెంగాల్ చేపట్టిన ‘ఉషర్‌ముక్తి’ పనులు ఈ దారిలోవే. దీంతోపాటు నదిలో కొంత నీరు వదలాలన్న నియమమూ కావాలి. ఎగువ గంగకు కేంద్రం 2018లో అలా కనీస ప్రవాహాన్ని నిర్ణయించింది. కాసాయికి ఆ ఉత్తర్వు వర్తించదు. చిన్న నదులకూ అలాంటి హక్కు ఇవ్వాలి.