వాపు మాటున విరిగిన ఎముక

ముఖానికి దెబ్బ తగిలిన వ్యక్తిని చూడగానే అందరి దృష్టీ రక్తం మీదికి పోతుంది. రక్తం ఆగి, గాయానికి కుట్లు పడితే గండం గడిచిందని భావించడం పరిపాటి. కానీ ముఖచర్మం కింద 14 ఎముకలున్నాయి. వాటిలో ఏది విరిగినా కొద్ది గంటలలోనే పైన వాపు కమ్ముకొని, లోపల ఎముక కుంగిన సంగతిని కప్పివేస్తుంది. వాపు తీసి చెంప పల్లంగా కనబడేసరికి రోజులు గడిచిపోతాయి. అందుచేత ఈ విరుపును చూపుతో కంటే రోగి చెప్పే చిన్న చిన్న మాటలతోనే పసిగట్టవలసి ఉంటుంది.

మన దేశంలో ఈ గాయాలకు ప్రధాన కారణం రహదారి ప్రమాదాలు, అందునా ద్విచక్ర వాహన ప్రమాదాలు. తల పైభాగాన్ని మాత్రమే కప్పే సగం హెల్మెట్ గడ్డానికీ, ముక్కుకూ, చెంపలకూ ఏ రక్షణా ఇవ్వదు. జారిపడడం, ఆటల్లో బంతి తగలడం, కొట్లాటలు తరువాతి కారణాలు. కళ్ళు తిరిగి పడిపోయేవారు చేతులు ఆన్చుకోలేరు గనుక దెబ్బ గడ్డానికి తగులుతుంది. వృద్ధులు ఇలా పడినప్పుడు ఎముకకు చికిత్స చేయడంతో సరిపోదు. గుండె లయ, రక్తపోటు, చక్కెర పరీక్షించి, పడడానికి కారణమేమిటో తెలుసుకోవాలి. గృహహింస మరొక కారణం. మెట్ల మీద జారిపడ్డానని చెప్పే స్త్రీతో వైద్యులు ఒంటరిగా మాట్లాడదలచినప్పుడు వెంట వచ్చినవారు నొచ్చుకోకుండా బయట వేచి ఉండడం ఉచితం.

ముఖంలో తరచుగా విరిగేది ముక్కు. దీనిని చూసి, తాకి నిర్ణయిస్తారు. ఎక్స్‌రే వలన అదనంగా తెలిసేది స్వల్పం. అయితే ముక్కు లోపలి అడ్డుగోడను పరీక్షించడం ఎన్నడూ మరువరాదు. అక్కడ రక్తం చేరి మెత్తగా ఉబ్బితే వెంటనే తీసివేయాలి. లేనిచో మృదులాస్థికి పోషణ అందక నశించి, ముక్కు నడుమ జీనులాగా కుంగిపోతుంది.

కింది దవడ సంగతి వేరు. దాని రెండు కొసలూ చెవుల ముందర కపాలానికి అతికి ఉంటాయి. మట్టిగాజు ఒక్కచోటే విరగడం ఎంత అరుదో, దవడ ఒక్కచోటే విరగడం కూడా తరచుగా అంతే. గడ్డానికి దెబ్బ తగిలితే చెవి ముందరి కొస కూడా విరిగి ఉండవచ్చు. పసిపిల్లల్లో దీనిని గుర్తించకపోతే కీలు బిగుసుకొని నోరు తెరుచుకోదు, దవడ ఎదుగుదలా కుంటుపడుతుంది. “పళ్ళు మునుపటిలా కలవడం లేదు” అని రోగి అంటే ఆ ఒక్క మాట చాలు, అనుమానించడానికి. ఒక చెక్కపుల్లను పళ్ళ నడుమ గట్టిగా కరచిపట్టించి, వైద్యుడు దానిని మెలితిప్పి చూడడం కూడా ఒక సులువైన పరీక్ష. నొప్పి లేకుండా పుల్ల విరిగేదాకా పట్టి ఉంచగలిగితే దవడ విరిగి ఉండే అవకాశం తక్కువ.

కనుగుంట అడుగుభాగం కాగితమంత పలుచన. దాని కింద గాలి గది ఉంటుంది. కంటికి తగిలిన దెబ్బకు ఆ అడుగు విరిగితే వస్తువులు రెండుగా కనిపిస్తాయి. చెంప, పైపెదవి మొద్దుబారతాయి. పిల్లల్లో ఇది మరింత మోసకారి. వారి ఎముక లేతది గనుక తలుపు రెక్కలా వంగి, తిరిగి మూసుకొని, కంటి కండరాన్ని నడుమ బిగించివేస్తుంది. కన్ను ఎర్రబడదు, వాపూ అంతగా ఉండదు. కానీ బిడ్డ వాంతులు చేసుకుంటుంది, నాడి మందగిస్తుంది. అది తలకు తగిలిన దెబ్బగా పొరబడే ప్రమాదం ఉంది. పైకి చూడమన్నప్పుడు ఒక కన్ను కదలక నిలిచిపోతే అసలు సంగతి బయటపడుతుంది. అటువంటి బిడ్డకు ఒకటి రెండు రోజుల్లోపే శస్త్రచికిత్స జరగాలి. ఆలస్యమైతే ఆ కండరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

ముఖం నడిమి భాగం విరిగే తీరును ఫ్రెంచి వైద్యుడు రెనే లెఫోర్ 1901లో మృతదేహాల మీద దెబ్బలు వేసి పరిశీలించి, మూడు రేఖలుగా గుర్తించాడు. ఆ మూడింటినీ నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. పైపళ్ళను పట్టి నెమ్మదిగా కదిపినప్పుడు పళ్ళు మాత్రమే కదులుతున్నాయా, ముక్కు కూడా కదులుతున్నదా, లేక ముఖమంతా కదులుతున్నదా అన్నదానిని బట్టి విరిగిన చోటును అంచనా వేస్తారు.

ఇవన్నీ చూడడానికి ముందు శ్వాస, మెడ, మెదడు క్షేమంగా ఉన్నాయో లేవో చూస్తారు. ఆ తరువాత విరుపును స్పష్టంగా చూపేది సి.టి. స్కాన్, కింది దవడ వరకైతే దవడ మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపే ఎక్స్‌రే చాలాసార్లు సరిపోతుంది. ముక్కు నుండి నీటివంటి ద్రవం కారుతుంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ముక్కు చీదకుండా వైద్యునికి చెప్పాలి. ఊడిన పన్ను ప్రమాదస్థలంలో దొరకకపోతే ఆ సంగతీ చెప్పాలి. అది శ్వాసనాళంలోకి జారిందేమోనని ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు.