పిలవకుండా లేచే తోడు ప్రోగ్రాంని ఆపడం ఎలా?



మన కంప్యూటర్ పీరియడ్ 40 నిముషాలు. ఒక్కో కంప్యూటర్ దగ్గర నలుగురం కూర్చుంటాం. అంటే ఒక్కొక్కరికీ 10 నిముషాలు రావాలి. కానీ స్విచ్చి వేశాక అది పనికి సిద్ధమవడానికే 7, 8 నిముషాలు పడుతోంది. మొదట కూర్చున్న పిల్లకి వంతు పోయినట్టే. మనలో చాలామంది ఇళ్ళలో కంప్యూటర్ లేదు. మా ఊళ్ళో అయితే ఒక్కరింట్లో కూడా లేదు. ముట్టుకుంటే ఇక్కడే ముట్టుకోవాలి. అందుకని ఈ నిముషాలు ఎక్కడికి పోతున్నాయో మేడం దగ్గర కూర్చొని తెలుసుకున్నాను. అదే మీకోసం రాస్తున్నాను.

తోడు ప్రోగ్రాం అంటే ఏమిటి?

మనం ఒక ప్రోగ్రాం కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. దాని వెనకాల ఇంకొకటి కూడా ఎక్కుతుంది. ఉదాహరణకు వీడియోలు చూసే ప్రోగ్రాం ఎక్కిస్తే, కొత్త రకం వచ్చిందా లేదా అని చూసేది ఒకటి దానితో పాటు వస్తుంది. అదే తోడు ప్రోగ్రాం.

ఇది సీతంపేట సంతకి జీపు మాట్లాడుకున్నట్టు ఉంటుంది. మన అనాసకాయలకని జీపు మాట్లాడుకుంటాం. తీరా ఎక్కబోతే వేరేవాళ్ళ బస్తాలు ముందే ఉంటాయి. "ఇవెవరివి మావయ్యా?" అంటే, "దారిలో దించేస్తానులేమ్మా" అంటాడు. ఆ బస్తాలు చెడ్డవని కాదు. కానీ చోటు మనది, కిరాయి మనది.

కంప్యూటర్ లోపల ఏం జరుగుతుంది?

కంప్యూటర్‌లో ఒక అల్మారా, ఒక బల్ల ఉన్నాయనుకోండి. అల్మారా అంటే హార్డ్ డిస్క్. ప్రోగ్రాంలన్నీ అందులో ఉంటాయి. బల్ల అంటే ర్యామ్. ప్రోగ్రాం పని చెయ్యాలంటే అల్మారాలోంచి తీసి బల్ల మీద పెట్టాలి. మన గదిలో ఉన్న కంప్యూటర్లకి బల్ల 4 జి.బి. మాత్రమే. తోడు ప్రోగ్రాంలన్నీ ముందే వచ్చి కూర్చుంటే మనకి కావలసినదానికి చోటు చాలదు. అప్పుడు కంప్యూటర్ బల్ల మీదవి కొన్ని మళ్ళీ అల్మారాలో పెడుతుంది, కావలసినప్పుడు మళ్ళీ తీస్తుంది. ఇలా తియ్యడం, పెట్టడంతోనే మన నిముషాలు అయిపోతున్నాయి.

అల్మారాలో ఉండడం వేరు, బల్ల మీదకి రావడం వేరు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. మా సవర భాషకి 1936లో మంగెయి గొమాంగో గారు లిపి తయారు చేశారు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. మన వైపు సవరని ఎక్కువగా తెలుగు అక్షరాలతోనే రాస్తారు గానీ ఆ లిపి కూడా ఉంది. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. విండోస్‌లో నిర్మలా యు.ఐ. అని ఒక ఫాంటు ఉంది. అందులో తెలుగు అక్షరాలతో పాటు ఆ అక్షరాలు కూడా ఉన్నాయి. అంటే మన గదిలోని కంప్యూటర్లలో కూడా ఉన్నాయి. మనకి తెలియనే తెలియదు. ఎందుకంటే అవి పిలిస్తేనే వస్తాయి. ప్రోగ్రాంలు కూడా అలాగే ఉండాలని మనం చెయ్యవచ్చు.

అవి ఎలా లేస్తాయి?

మూడు రకాలుగా లేస్తాయి.
ఒకటి: స్విచ్చి వెయ్యగానే విండోస్‌తో పాటు లేచేవి.
రెండు: మనం వేరే ప్రోగ్రాం తెరిస్తే, అది పిలిస్తే లేచేవి.
మూడు: సర్వీసులు అని లోపల నడిచేవి. వీటిని మనం ముట్టుకోకూడదు. మేడం చూసుకుంటారు.

మొదటి రకం సంగతి పాతదే. 1992లో వచ్చిన విండోస్ 3.1లోనే స్టార్టప్ అని ఒక చోటు పెట్టారు. రోజూ కావలసిన ప్రోగ్రాంని మనిషే తీసుకెళ్ళి అందులో పెట్టుకొనేవాడు. ఇప్పుడు చాలా ప్రోగ్రాంలు ఎక్కించిన రోజునే తమ పేరు తామే ఆ వరసలో రాసుకుంటున్నాయి. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఆపే పద్ధతి

1. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కాలి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా కనిపిస్తే కింద 'మోర్ డీటెయిల్స్' అన్నది నొక్కాలి.

2. పైన 'స్టార్టప్' అని ఉంటుంది. అది నొక్కాలి. విండోస్ 11 అయితే ఎడమ వైపు 'స్టార్టప్ యాప్స్' అని ఉంటుంది. పాత విండోస్ 7లో ఇది ఇక్కడ ఉండదు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి ఎమ్.ఎస్.కాన్ఫిగ్ అని ఇంగ్లీషులో కొట్టాలి. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు దీన్ని టాస్క్ మేనేజర్‌లోకి మార్చారు.

3. పేర్ల పట్టిక వస్తుంది. పక్కన 'స్టార్టప్ ఇంపాక్ట్' అని ఉంటుంది. అది మొదలయ్యేటప్పుడు ఎంత బరువో చెబుతుంది. 'హై' అని ఉంటే, లేచేటప్పుడు ప్రాసెసర్ సమయం 1 సెకను కంటే ఎక్కువ తీసుకుందని గానీ, డిస్క్‌తో 3 ఎమ్.బి. కంటే ఎక్కువ పని పెట్టుకుందని గానీ అర్థం. ముందు వీటినే చూడాలి.

4. ముందుగా పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి. తర్వాత అక్కర్లేనిదాని మీద మౌసు కుడి మీట నొక్కి 'డిజేబుల్' అనాలి. ఒక్కసారికి ఒక్కటే ఆపాలి.

5. కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యాలి. గడియారం పెట్టి చూడాలి. అన్నీ సరిగా పనిచేస్తే ఇంకొకటి ఆపాలి.

ఏడో తరగతి చెల్లి ఒకర్తి నన్ను, "ఆపేస్తే ఏటౌద్దక్కా, పాడైపోదా?" అని అడిగింది. పాడవదు. డిజేబుల్ అంటే తీసి పారెయ్యడం కాదు. అది అల్మారాలోనే ఉంటుంది. కావలసిన రోజు మనం తెరిస్తే తెరుచుకుంటుంది. మళ్ళీ రోజూ లేవాలంటే అక్కడే 'ఎనేబుల్' అంటే సరి.

రెండో రకం కొంచెం మొండిది

స్టార్టప్ పట్టికలో ఆపినా, మనం వేరే ప్రోగ్రాం తెరవగానే కొన్ని లేస్తాయి. అప్పుడు తోడు ప్రోగ్రాంనే తెరిచి దాని 'సెట్టింగ్స్'లో చూడాలి. తనంతట తాను మొదలవ్వాలి అనే మాట దగ్గర టిక్కు ఉంటే తీసెయ్యాలి. కొన్నిసార్లు టిక్కు పిలిచే ప్రోగ్రాం వైపు ఉంటుంది. వర్డ్, ఎక్సెల్‌లో అయితే ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్ అని వెళ్ళాలి. కింద 'మేనేజ్' దగ్గర 'కామ్ యాడ్-ఇన్స్' ఉంచి 'గో' నొక్కాలి. అతుక్కుని ఉన్న తోడువాళ్ళ పేర్లు కనిపిస్తాయి. అక్కర్లేనిదానికి టిక్కు తీసి 'ఓకే' అనాలి.

కొత్త రకం ఎక్కించినప్పుడు కొన్ని ప్రోగ్రాంలు మళ్ళీ తమ పేరు రాసుకుంటాయి. కాబట్టి నెలకి ఒకసారైనా పట్టిక చూడాలి.

ఏవి ఆపకూడదు?

అన్ని తోడు ప్రోగ్రాంలూ అక్కర్లేనివి కావు. వైరస్ రాకుండా కాపలా కాసేదాన్ని ఆపకూడదు. శబ్దానికీ, టచ్‌ప్యాడ్‌కీ సంబంధించినవి తెలియకుండా ఆపకూడదు. తెలుగు టైపుకి కావలసినవి ఆపకూడదు. తెలుగు డి.టి.పి. సెంటర్లలో పేజ్‌మేకర్‌తో పాటు అను స్క్రిప్ట్ మేనేజర్ నడుస్తుంటుంది. అది ఆపితే పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది గానీ అను అక్షరాలతో తెలుగు టైపు సాగదు. పెళ్ళి శుభలేఖలూ, కరపత్రాలూ ఎన్నో అలా తయారైనవే. అది తోడుగా వచ్చినా మనం పిలిచిన తోడు. పేరు తెలియనిది కనిపిస్తే ఆపకండి, మేడంని అడగండి.

పెద్ద పెద్ద దేశాల్లో కూడా ఈ తగువు ఉంది

ఇది మన గదిలో సంగతి మాత్రమే కాదు. మైక్రోసాఫ్ట్ కంపెనీ వర్డ్, ఎక్సెల్ ఉన్న ఆఫీసుతో పాటు టీమ్స్ అనే మీటింగ్ ప్రోగ్రాంని కలిపి ఇచ్చింది. అలాంటి ప్రోగ్రామే చేసే స్లాక్ అనే కంపెనీ, ఇది న్యాయం కాదని 2020 జులైలో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. కమిషన్ 2023 జులైలో విచారణ మొదలుపెట్టింది. చివరికి 2025 సెప్టెంబరులో, టీమ్స్ లేని ఆఫీసుని తక్కువ ధరకి ఇస్తామని మైక్రోసాఫ్ట్ మాట ఇచ్చింది. కమిషన్ ఆ మాటని కంపెనీ తప్పకూడని షరతుగా చేసింది. ఫిర్యాదు ఇచ్చిన దగ్గర నుంచి 5 ఏళ్ళు పట్టింది. తోడు ఇవ్వవచ్చు, కానీ వద్దనే వీలు కూడా ఉండాలి అన్నదే అక్కడి మాట. మనం టిక్కు తీసినప్పుడు చేసేది కూడా అదే, కాకపోతే చిన్నది.

ఇక మన గది సంగతి

కిటికీ పక్కనున్న కంప్యూటర్‌లో మేడం ఎదురుగా మూడు ప్రోగ్రాంలు ఆపాం. ముందు 8 నిముషాలు పట్టేది, ఇప్పుడు 4 నిముషాల లోపే వస్తోంది. మిగిలిన 4 నిముషాల్లో నెమ్మదిగా కొట్టే పిల్ల కూడా తన పేరు, ఊరు పేరు, అమ్మ పేరు తెలుగులో కొట్టగలదు. కొట్టి చూశాం.

మిగతా కంప్యూటర్లకి కూడా చెయ్యాలి. శనివారం ఆటల పీరియడ్‌లో మేడం గది తెరుస్తానన్నారు. ప్రతి తరగతి నుంచి ఇద్దరు రండి. ఒకరు మౌసు పట్టుకోవాలి, ఒకరు నోటుబుక్కు తెచ్చుకొని ఆపినవాటి పేర్లు రాయాలి. పెన్ను మరిచిపోకండి.

— 9వ తరగతి విద్యార్థిని