హాక్‌బెర్రీ: డాలస్‌లో అందరూ కొట్టేయమనే చెట్టు

ఈ ఎపిసోడ్ కాస్త అర్జెంటు. ప్లేనో నుంచి ఒక అన్న ఫోటో పంపాడు. డాలస్ పక్కన ఉంటుంది ప్లేనో, మనవాళ్లు చాలామంది ఉన్న ఊరు. అక్కడ ఒక పాత ఇల్లు కొన్నాడట. పెరట్లో ఫెన్స్ పక్కన పెద్ద చెట్టు, బెరడు నిండా పులిపిర్లు. ఫోటో కింద ఒక మెసేజ్: "తమ్ముడూ, ఇది హాక్‌బెర్రీ అంట. చెత్త చెట్టు, తీసేయమంటున్నారు అందరూ. శనివారం కొట్టేవాళ్లు వస్తున్నారు. కొట్టించేయనా?"

ఇవాళ గురువారం. అందుకే అనుకున్న టాపిక్ పక్కన పెట్టి దీని మీద కూర్చున్నా.

ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి చెట్టునే ఒకదాన్ని నేను కొట్టించాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కంపెనీ పని మీద రెండేళ్లు ఇర్వింగ్‌లో ఉన్నా. నలుగురం కలిసి ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. డ్రైవ్‌వే మీదకి వాలి ఉండేది హాక్‌బెర్రీ. నా సెకండ్ హ్యాండ్ కారు దాని కిందే పెట్టేవాణ్ణి. ఆగస్టు దాటిందంటే పొద్దున్నే అద్దం మీద బెల్లం పాకం పోసినట్టు జిగురు. వారం వదిలేస్తే దాని మీద నల్లటి మసి. ఇంటి ఓనర్‌కి మెసేజ్ మీద మెసేజ్ పెట్టింది నేనే. ఆయన అక్టోబరులో మనుషుల్ని పంపాడు. రెండు గంటల్లో చెట్టు లేదు. నేను హ్యాపీ.

తర్వాత ఏమైందో చెప్తా. ముందు అసలు ఇదేం చెట్టో చూద్దాం.

హాక్‌బెర్రీ ఉత్తర అమెరికా సొంత చెట్టు. సైన్స్ పేరు సెల్టిస్ ఆక్సిడెంటాలిస్. డాలస్ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది దాని దగ్గరి చుట్టం, సెల్టిస్ లేవిగాటా. దాన్ని షుగర్‌బెర్రీ అంటారు. జనం మాత్రం రెండిటినీ హాక్‌బెర్రీ అనే పిలుస్తారు. ఫ్రిస్కో పక్కన లూయిస్‌విల్ చెరువు ఒడ్డున ఏకంగా హాక్‌బెర్రీ అనే చిన్న ఊరే ఉంది. చెట్టుని గుర్తుపట్టడం ఈజీ. బూడిద రంగు బెరడు మీద గట్టి పులిపిర్లు, గరుకు గట్లు ఉంటాయి. ఆకు మొదట్లో రెండు పక్కలూ సమానంగా ఉండవు, ఒక పక్క కిందకి జారినట్టు ఉంటుంది. కాయ బఠానీ గింజంత. పండితే నారింజ ఎరుపు నుంచి ముదురు ఊదా దాకా ఏ రంగైనా కావచ్చు.

ఇంకో విషయం. దీన్ని ఇప్పుడు గంజాయి మొక్క కుటుంబంలోనే లెక్కేస్తున్నారు. ఆవేశపడకండి, మత్తూ లేదు మన్నూ లేదు. కుటుంబం పేరు ఒకటి, అంతే.

ఇక కంప్లైంట్లకి వద్దాం. డాలస్‌లో ఎవర్ని అడిగినా అవే మూడు చెప్తారు: ఆకుల మీద కురుపులు, కారు మీద జిగురు, ఎక్కడ పడితే అక్కడ మొలకలు.

ఆకు తిప్పి చూస్తే చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. చూడగానే తెగులు అనుకుంటాం. సిల్లిడ్ అనే ఆవగింజంత పురుగు ఆకులో కట్టుకున్న ఇల్లు అది. పిల్ల పురుగు లోపల కూర్చుని పెరుగుతుంది, ఆకు దాని చుట్టూ ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగినా చెట్టుకి పెద్దగా నష్టం ఉండదు. చలి మొదలయ్యే ముందు రెక్కలొచ్చిన పురుగులు బయటికొచ్చి, దాక్కోవడానికి చోటు వెతుక్కుంటూ కిటికీ జాలీలోంచి ఇంట్లోకి దూరతాయి. చిరాకే, కాదనను. కానీ అవి ఇంట్లో పిల్లల్ని పెట్టవు, వాక్యూమ్ పెడితే సరి. చికడీ లాంటి చిన్న పిట్టలకి ఈ బుడిపెలు టిఫిన్ డబ్బాలు. ముక్కుతో పొడిచి, లోపలున్నదాన్ని లాక్కుని తింటాయి.

జిగురు సంగతి వేరు. అది చెట్టు కార్చేది కాదు. ఇళ్లలో పత్తి, మిరప వేసేవాళ్లుంటే అడగండి, పేనుబంక అంటే వెంటనే చెప్తారు. హాక్‌బెర్రీ మీద తెల్లటి దూది అంటుకున్నట్టు ఉండే ఒక రకం పేనుబంక ఉంది. ఆసియా నుంచి అమెరికాకి చేరింది. ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది, ఆ జిగురు మీద మసి తెగులు పెరుగుతుంది. నా కారు మీద నల్లగా పట్టింది అదే. అంటే నేను కోపం తీర్చుకోవాల్సింది పురుగు మీద, తీర్చుకుంది చెట్టు మీద. కారు పది అడుగులు పక్కకి పెట్టి ఉంటే సరిపోయేది.

మూడోది మొలకలు. ఫెన్స్ పొడుగునా, కరెంటు తీగల కింద వరసగా హాక్‌బెర్రీలే మొలుస్తాయి. ఎవరు నాటారు? పిట్టలు. పండు తిని, వచ్చి ఫెన్స్ మీద కూర్చుని, గింజ వదిలేసి పోతాయి. మీ ఫెన్స్ కింద ఎన్ని మొలకలుంటే అన్నిసార్లు అక్కడ పక్షి కడుపు నిండిందని లెక్క.

ఇప్పుడు మా ఇంటి కథ. ముందు ఏడాది జనవరిలో పొద్దున్న మీటింగ్ టైమ్‌కి కిటికీ బయట ఒక గుంపు వాలేది. సీడార్ వాక్స్‌వింగ్‌లు. గోధుమ రంగు ఒళ్లు, కళ్లకి నల్ల గంత కట్టినట్టు గీత, తోక చివర పసుపు. మేనేజర్ మాట్లాడుతుంటే నేను వీటినే చూసేవాణ్ణి. హాక్‌బెర్రీ పళ్లు ఒక్కసారిగా రాలిపోవు, చలికాలం మధ్య దాకా కొమ్మలకే ఉంటాయి. ఆ రోజుల్లో పురుగూ లేదు, వేరే పండూ తక్కువ. వాక్స్‌వింగ్‌లు, రాబిన్‌లు, బ్లూబర్డ్‌లు, టెక్సాస్ రాష్ట్ర పక్షి మాకింగ్‌బర్డ్, అన్నీ దీని దగ్గరికే వస్తాయి. చెట్టు కొట్టించిన తర్వాత జనవరిలో నా కిటికీ బయట ఏమీ లేదు. పక్కింటి గోడ కనిపించింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుసు. ఆఫీసులో ఒక మూల పాత సర్వర్ ఉంటుంది, అదేం చేస్తుందో ఎవరూ రాసిపెట్టరు. వేస్ట్ అని ఎవడో ఆపేస్తాడు. మర్నాడు పది టీమ్‌ల నుంచి ఫోన్లు. నేను ఆపేసిన సర్వర్‌కి ఫోన్ చేసేవాళ్లు లేరు, అదొక్కటే తేడా.

సీతాకోకచిలుకల లెక్క ఇంకా సీరియస్. హాక్‌బెర్రీ ఎంపరర్ అని ఒకటుంది. దాని గొంగళిపురుగు సెల్టిస్ జాతి ఆకులు తప్ప ఇంకేమీ తినదు. చెట్టు లేకపోతే ఆ సీతాకోకచిలుక లేదు, అంత స్ట్రిక్ట్. పెద్దదయ్యాక దీనికి పూల మీద పెద్ద ఇంట్రెస్ట్ ఉండదు. చెట్టు కారే రసం, కుళ్లిన పండు, పేడ, మన చెమట, ఇవీ దాని ఇష్టాలు. ఎండలో నిలబడితే వచ్చి చేతి మీద వాలి చెమట పీలుస్తుంది. ముక్కు పొడుగ్గా ఉన్నట్టు కనిపించే అమెరికన్ స్నౌట్ కూడా ఈ జాతి చెట్లనే నమ్ముకుంది. దక్షిణ టెక్సాస్‌లో ముళ్ల హాక్‌బెర్రీ మీద పెరిగి, మంచి వానలు పడ్డ ఏడు మేఘాల్లా కదులుతాయి. 1921 సెప్టెంబరులో శాన్ మార్కోస్ నుంచి రియో గ్రాండే నది దాకా 250 మైళ్ల వెడల్పున 18 రోజులు ఎగిరాయని, నిమిషానికి 2.5 కోట్లు దాటి ఉంటాయని అప్పట్లో అంచనా కట్టారు. ఒక్కొక్కటీ లెక్కపెట్టలేదు లెండి, అంచనాయే.

మరి మనుషులకేంటి అంటారా? తినొచ్చు. మనూళ్లలో పరికి పండ్లు తిన్నవాళ్లకి ఐడియా ఉంటుంది, గింజ పెద్దది, గుజ్జు పొర అంత. రుచి ఖర్జూరానికి దగ్గర. మైదానాల్లోని డకోటా ప్రజలు వీటిని గింజతో సహా మెత్తగా దంచి మాంసానికి మసాలాలా వేసేవారు. పానీలు కొవ్వుతో, వేయించిన మొక్కజొన్నతో కలిపి తినేవారు. గింజ పెంకు అంత గట్టిగా ఎందుకుంటుందంటే, అందులో ఎక్కువ భాగం అరగొనైట్. ముత్యపు చిప్పలో ఉండేదీ అదే ఖనిజం. అందుకే మట్టిలో వేల ఏళ్లున్నా కుళ్లదు. పురావస్తు తవ్వకాల్లో ఈ గింజలు దొరికితే కార్బన్ డేటింగ్‌కి కూడా వాడతారు. చైనాలో పీకింగ్ మానవుడి ఎముకలు దొరికిన జౌకౌడియన్ గుహలో, లక్షల ఏళ్ల నాటి పొరల్లో కూడా హాక్‌బెర్రీ గింజలున్నాయి.

ఇంత గట్టిదని చదవకుండానే నేను పార్కులో ఏరుకొచ్చిన పళ్లు రూమ్మేట్ మిక్సీలో వేశా. ఇండియా నుంచి మోసుకొచ్చిన మిక్సీ అది. బ్లేడు పోయింది, వాడు వారం మాట్లాడలేదు. తర్వాత చిన్న కల్వంలో దంచి, పాలలో మరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టా. బాగుంది, ఖర్జూరం పాలలా. మీరు చేస్తే పళ్లతో గింజ కొరక్కండి. చెట్టుకి పురుగుమందు పెట్టారేమో కనుక్కోకుండా అస్సలు తినకండి, పేనుబంక కోసం వేరు దగ్గర మందు పోసే అలవాటు అక్కడ ఉంది.

చెక్క గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పెట్టెలకి, చవక ఫర్నిచర్‌కి వస్తుంది, తడి తగిలితే పుచ్చిపోతుంది. అసలు విలువ బతికున్న చెట్టుది. 1930ల్లో అమెరికా మైదానాల్లో దుమ్ము తుఫాన్లు పొలాల్ని ఎత్తుకుపోయినప్పుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1934 నుంచి 1942 దాకా నార్త్ డకోటా నుంచి టెక్సాస్ వరకు గాలి ఆపే చెట్ల వరసలు నాటించింది, సుమారు 22 కోట్ల చెట్లు. అందుకు ఎంచుకున్న వాటిలో హాక్‌బెర్రీ ఒకటి. కరువు, గాలి, సున్నపు నేల, అన్నీ ఓర్చుకుంటుంది. డాలస్ నేల కూడా తక్కువది కాదు, అచ్చం మన నల్లరేగడే. ఎండితే నెర్రెలు, తడిస్తే ఉబ్బు. నర్సరీలో డాలర్లు పోసి కొన్న మొక్కలు అందులో గింజుకుంటుంటే, ఇది ఎవరూ నీళ్లు పోయకుండా నీడ ఇస్తుంది. మా ఇంటి చెట్టు పోయాక పడమటి ఎండ నేరుగా హాల్లోకొచ్చింది. ఆ వేసవి ఏసీ బిల్లు నలుగురం పంచుకున్నా నొప్పి తెలిసింది.

అలాగని అన్ని హాక్‌బెర్రీలనూ ఉంచమని చెప్పను. కొమ్మలు పెళుసు, మంచు బరువుకి విరుగుతాయి. బెరడు పల్చన, దెబ్బ తగిలితే లోపల పుచ్చు పడుతుంది. పైకి పచ్చగా ఉండి లోపల డొల్లగా ఉన్నవీ ఉంటాయి. నల్లరేగడిలో పునాదికి ఆనుకుని ఏ పెద్ద చెట్టున్నా నేల తేమ లాగి పునాదికి ఇబ్బంది తేగలదు. కాబట్టి ఇంటికి ఆనుకుని ఉన్నదీ, బెడ్‌రూమ్ మీదకి వాలినదీ, మొదట్లో పుచ్చు పట్టినదీ తీయించాల్సిందే. అందులో సెంటిమెంట్ పనికిరాదు.

ప్లేనో అన్నా, నీ ఫోటో నాలుగైదుసార్లు జూమ్ చేసి చూశా. చెట్టు ఫెన్స్ దగ్గర, ఇంటికి బాగా దూరంగా ఉంది. ఒక్క కొమ్మ మాత్రం షెడ్ కప్పు మీదకి వచ్చింది. శనివారం వచ్చేవాళ్లని రద్దు చేయక్కర్లేదు. ఫోటో చూసి నేను పుచ్చు చెప్పలేను, ముందు సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్‌ని పిలిచి మొదలు తట్టి చూపించు. కొట్టడానికి డబ్బు తీసుకునేవాణ్ణే "కొట్టాలా వద్దా" అని అడగకు. చెట్టు గట్టిగా ఉందని తేలితే ఆ ఒక్క కొమ్మకే బేరం మాట్లాడు, అది కూడా ఆకు రాలాక చలికాలంలో తీయిస్తే గాయం తొందరగా మానుతుంది. కారు ఇవతల పక్క పెట్టుకో. జనవరిలో కళ్లకి గంత కట్టుకున్న గుంపు వాలితే నాకొక వీడియో తీసి పంపు.